గళ్ళపెట్టె ఖాళీ అయింది

వడ్రంగికి మెకానిక్కులంటే గిట్టదు. దానికి పెద్ద కారణమేమీ లేదు. ఎప్పుడో ఒక మెకానిక్కు అతని పాత పికప్ బండి చుట్టూ తిరిగి, టైరుని కాలితో ఒక్క తన్ను తన్ని, "దీన్ని ఇనపసామాన్ల కొట్టుకి తోలెయ్యండి, అదే దీనికి మర్యాద" అన్నాడు. అంతే, ఆ మాట వడ్రంగి గుండెలో దిగబడిపోయింది. ఆ రోజు నుంచి బండికి దగ్గొచ్చినా జలుబొచ్చినా వైద్యం ఇంటి ముందరే, వైద్యుడు అతనే.

బండి పేరు మొండిఘటం. పొద్దున్నే గడ్డం పట్టుకుని బతిమాలితే గాని లేవదు. లేచిందంటే మాత్రం ఎంత బరువైనా కిక్కురుమనకుండా మోస్తుంది. అతను చేసిన బీరువాలూ మంచాలూ కొండ కింది ఇళ్ళకి చేరవేసేది అదే. తోలేది అతను కాదు, అతని భార్య. వీధి వీధంతా ఆమెని డ్రైవరమ్మ అంటుంది. వడ్రంగికి లోయ కనబడితే కళ్ళు తిరుగుతాయి. బండి కింద వెల్లకిలా పడుకోమంటే పూటంతా పడుకుంటాడు గాని, అదే బండిలో కూర్చుని కొండ దిగమంటే ససేమిరా అంటాడు. "బండికి డాక్టరుగారు, ఎక్కమంటే మాత్రం పత్తా ఉండరు" అని డ్రైవరమ్మ కనబడ్డ ప్రతివాళ్ళ దగ్గరా మొగుడి పరువు తీస్తూ ఉంటుంది.

అతను నవ్వేసి ఊరుకుంటాడు. అసలు సంగతి ఏమిటంటే, ఆ బండిలో కూర్చునేది ఆమె గనకే అతను దాన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టడు. పరాయివాడి చేతిలో ఒక మర వదులైతే వాడికి పోయేదేముంది? ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు, భార్యతో కూడా అనలేదు. ఇలాంటి మాటలు బయటికి అనడానికి అతనికి సిగ్గు.

పనిలో అతనికి ఒక పద్ధతి ఉంది. పాత టేబులు సొరుగుకి అడ్డచెక్కలు కొట్టి ఒక గళ్ళపెట్టె చేసుకున్నాడు. ఏ రిపేరు మొదలుపెట్టినా, తిరిగి బిగించాల్సిన ప్రతి నట్టూ, ప్రతి వాచరూ, కొత్తగా వెయ్యాల్సిన ప్రతి ముక్కా వరసగా ఒక్కో గడిలో పెడతాడు. పని జరుగుతున్నకొద్దీ గళ్ళు ఖాళీ అవుతాయి. అన్నీ ఖాళీ అయ్యాక పెట్టెని తలకిందులు చేసి, బండి వెనక తలుపు మీద ధన్ ధన్ మని రెండు దెబ్బలు వేస్తాడు. పెట్టెలో ఏమీ మిగల్లేదు, బండికి అన్నీ చేరాయి, ఇక పోవచ్చు అని దానర్థం. లోపల కూర్చున్న డ్రైవరమ్మ ఆ రెండు దెబ్బలు వినగానే గేరు వేస్తుంది. ఏం చేశారనిగానీ, ఎలా చేశారనిగానీ అడగదు. దారిలో ఏ చప్పుడు వచ్చినా పట్టించుకోదు. "ఆయన పెట్టె కొట్టారంటే నేను చూసుకోవక్కర్లేదు" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా వడ్రంగి మనసులో మహా మురిసిపోయేవాడు. మురిసిపోవడం వరకూ బాగానే ఉండేది.

ఇంట్లో మూడో మనిషి డ్రైవరమ్మ నాన్నగారు. ఏదో పెద్ద గోదాములో స్టోరుకీపరుగా తల పండించుకుని, రిటైరై, కూతురి దగ్గర ఉంటున్నారు. ఉద్యోగం మానేశారు గాని సర్దడం మానలేదు. వంటింట్లో డబ్బాలు ఎత్తు ప్రకారం నిలబడ్డాయి. చెప్పులు గుమ్మంలో కవాతుకి వచ్చినట్టు బారులు తీరాయి. చివరికి అల్లుడి షెడ్డు మీద పడ్డారు. చిన్న మేకులు, పెద్ద మేకులు, తల లేని మేకులు అంటూ డబ్బాలకి కాయితాలు అంటించి, నేల మీద దొరికిన ప్రతిదాన్నీ దాని చోటికి చేర్చడం మొదలెట్టారు. మనిషి నెమ్మదస్తుడు. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ ఎరగరు. ఇంట్లో పిల్లి పాలగిన్నెలో మూతి పెట్టినా "అలా చెయ్యకూడదు" అని మెల్లిగా చెప్పే రకం. అల్లుణ్ణి "మీరు" అనే అంటారు. అలాంటి మామగారిని, నా సామాన్లు ముట్టుకోకండి అని ఏ అల్లుడు అనగలడు? వడ్రంగీ అనలేకపోయాడు.

ఆ పొద్దున పని పెద్దదేం కాదు. స్టీరింగు నుంచి ముందు చక్రానికి వెళ్ళే కడ్డీ చివర ఒక కీలు ఉంటుంది, అది అరిగిపోయింది. బండి కాస్త పక్కకి లాగుతోందని డ్రైవరమ్మ చెప్పింది. అతను కొత్తది తెచ్చాడు. చక్రం విప్పాడు, పాత కీలుని సుత్తితో నాలుగు తగిలించి ఊడగొట్టాడు, కొత్తది కూర్చోబెట్టాడు. దాని కింద గాళ్ళున్న నట్టు ఒకటి వస్తుంది. నట్టుని స్పానరుతో బలంగా బిగించి, దాని గాడిలోంచి ఒక స్ప్లిట్ పిన్ను దూర్చి, పిన్ను కాళ్ళు రెండూ చెరోవైపు వంచెయ్యాలి. అప్పుడిక బండి ఎంత అదిరినా ఆ నట్టు వెనక్కి తిరగదు. చూడటానికి తల్లో పెట్టుకునే పిన్నులాంటిది. కానీ ఆ కీలు ఊడిందంటే స్టీరింగు ఎటు తిప్పినా ఆ చక్రం తన ఇష్టం వచ్చిన దిక్కుకి పోతుంది.

నట్టుని వేళ్ళతో ఎక్కించాడు. స్పానరు కోసం చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే లోపల్నించి డ్రైవరమ్మ కేక వేసింది.

"ఏవండీ, ఒక్కసారి వచ్చి ఈ బీరువాకి ఒక చెయ్యి వెయ్యండి. మధ్యాహ్నం నుంచి రోడ్డు మూసేస్తారట. మళ్ళీ సాయంత్రం దాకా వదలరట."

వెళ్ళాడు. ఇద్దరూ కలిసి బీరువాని గుమ్మం దాటించారు, తలుపుకి గీత పడిందని కాసేపు వాదించుకున్నారు, చెక్కల మీదుగా జరిపి బండిలోకి ఎక్కించారు, తాడు కట్టారు. ఈలోపు వాళ్ళు చూడనిది ఒకటి జరిగింది. మామగారు షెడ్డు చుట్టూ ఓ తిరుగుడు తిరిగి, గళ్ళపెట్టెలో ఒకే ఒక్క వస్తువు దిక్కు లేకుండా పడి ఉండటం చూసి, దాన్ని దాని చోటికి చేర్చి వెళ్ళారు.

వడ్రంగి నడుం పట్టుకుని తిరిగొచ్చి పెట్టె వైపు చూశాడు. ఖాళీ. ఖాళీ అంటే అయిపోయినట్టే. ఇన్నాళ్ళూ ఆ పెట్టె అతనికి అబద్ధం చెప్పలేదు. చక్రం ఎక్కించాడు, జాకీ దించాడు, పెట్టె తలకిందులు చేసి వెనక తలుపు మీద ధన్ ధన్ మనిపించాడు. మొండిఘటం రెండుసార్లు దగ్గి, కదిలి, వీధి మలుపు తిరిగిపోయింది.

ఆ తర్వాత అతను తాపీగా చేతులు కడుక్కున్నాడు. టీ తాగాడు. షెడ్డులో సగంలో ఉన్న ఒక కుర్చీ పని అందుకుని, చిన్న మేకుల డబ్బా మూత తీశాడు.

మేకుల మీద కొత్తగా, తళతళ మెరుస్తూ స్ప్లిట్ పిన్ను ఉంది.

మొదట అతనికి ఏమీ అనిపించలేదు. పాతదేమో అనుకున్నాడు. పాతది తుప్పు పట్టి, తీసేటప్పుడు రెండు ముక్కలైంది కదా. దీన్ని వెలుగులో పెట్టి చూశాడు. కాళ్ళు తిన్నగా ఉన్నాయి. ఎక్కడా వంగలేదు. వంగలేదంటే దీన్ని ఎక్కడా వెయ్యలేదు. పక్కనున్న బల్లని పట్టుకున్నాడు.

"మామయ్యగారూ" అన్నాడు. "ఇది ఈ డబ్బాలోకి ఎలా వచ్చింది?"

ముసలాయన కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చి చూశారు. మెచ్చుకుంటారనుకున్నారేమో, చిన్నగా నవ్వారు కూడా. "అదా? మీ గళ్ళపెట్టెలో ఒక్కటే ఉండిపోయింది. ఇదేదో కొత్తరకం మేకులా ఉందని ఇందులో వేశాను. పరవాలేదు కదా?"

"అది మేకు కాదండీ."

ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అల్లుడి ముఖంలో రంగు చూడగానే ముసలాయన నవ్వు అక్కడే ఆగిపోయింది. తన కూతురు ఏ బండిలో, ఏ దారిన పోతోందో ఆయనకి మాత్రం తెలీదా?

వడ్రంగి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తదని అతనికి తెలుసు. బండి కదిలితే ఫోను నోరు నొక్కి డాష్‌బోర్డు అరలో పడెయ్యాలని ఒట్టు వేయించుకున్నది ఎవరు? అతనే. కొండ దారిలో ఫోను మాట్లాడితే ప్రాణాలమీదికొస్తుందని పోరుపెట్టి మరీ వేయించుకున్నాడు. బీరువా కొన్నవాళ్ళ నంబరు ఆమె ఫోనులోనే ఉంది. బేరాలన్నీ ఆమెవే. ఆ ఒట్టుని తలుచుకుంటే అతనికి గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

"స్కూటరు తీద్దాం పదండి" అన్నారు మామగారు.

స్కూటరు ఆయనదే. తాళంచెవి పెట్టబోతే కన్నంలోకి వెళ్ళలేదు. రెండోసారీ వెళ్ళలేదు. ఆయన తాళంచెవిని అల్లుడి చేతిలో పెట్టి, పిన్నుని తన గుప్పిట్లో బిగించి పట్టుకుని, వెనక కూర్చున్నారు. స్పానరూ పటకారూ ఒళ్ళో పెట్టుకున్నారు.

వీధి దాటి, ఆఖరి ఇల్లు దాటాక, కొండ దారి మొదలైంది. కుడి చేతి వైపు బండరాయి, ఎడమ చేతి వైపు ఏమీ లేదు. వడ్రంగి ఆ ఏమీ లేనివైపు చూడకూడదనుకున్నాడు. కానీ చూడకుండా ఎలా? ఎడం వైపు అంచున కట్టిన పిట్టగోడ ఎక్కడైనా విరిగిందేమో చూడాలి. టైర్ల గీతలు అటు తిరిగి ఉన్నాయేమో చూడాలి. కళ్ళు తిరుగుతున్నా సరే, ప్రతి మలుపులోనూ తల తిప్పి లోయలోకి చూశాడు. ప్రతిసారీ అక్కడ చెట్ల కొమ్మలూ, ఎండా తప్ప ఏమీ కనబడకపోతే ఊపిరి వదిలేవాడు. ఆ ఊపిరి తర్వాతి మలుపు దాకా కూడా చాలేది కాదు.

ఒకచోట పిట్టగోడ పక్కన గాజుపెంకులు ఎండలో మెరిశాయి. అతను బ్రేకు నొక్కేశాడు. స్కూటరు అడ్డంగా జారింది. చూస్తే పాత పెంకులే, మధ్యలోంచి గడ్డి కూడా మొలిచింది. అతనికి ఏడుపు తన్నుకొచ్చింది.

"అల్లుడుగారూ" అన్నారు వెనక నుంచి మామగారు. "ఆ పిన్ను లేకపోతే ఏమవుతుంది?"

"నట్టు గట్టిగా బిగించి ఉంటే చాలా దూరం వరకూ ఏమీ కాదండీ."

"బిగించారు కదా?"

వడ్రంగి స్కూటరు హ్యాండిలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బిగించాడా? అదే పనిగా గుర్తు చేసుకుంటున్నాడు. వేళ్ళతో ఎక్కించిన సంగతి గుర్తుంది. చల్లగా, నూనె జిడ్డుగా ఉన్న నట్టు వేళ్ళ మధ్య తిరగడం గుర్తుంది. స్పానరు కోసం చెయ్యి చాపడం గుర్తుంది. ఆ తర్వాత బీరువా, గుమ్మం, గీత. నట్టు బిగించేటప్పుడు స్పానరు మొండికేసి చిన్న కీచుమనే చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విన్నానా? విన్నాననుకుంటే వినిపిస్తోంది, వినలేదనుకుంటే లేదు. మనసుని బతిమాలి ఏదో ఒక సాక్ష్యం చెప్పించుకోవాలని చూశాడు గాని, అది నోరు విప్పలేదు.

"తోలవయ్యా!" అన్నారు మామగారు హఠాత్తుగా. పెళ్ళయిన నాటి నుంచి ఆయన అల్లుణ్ణి అలా పిలిచింది లేదు. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి పట్టించుకోలేదు.

కొండ సగం దిగాక రోడ్డు పనులు జరుగుతున్న చోటు వచ్చింది. ఒకవైపు తవ్వి పోసి, రెండో వైపు నుంచే బండ్లని వంతులవారీగా వదులుతున్నారు. ఎర్రజెండా పట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు, అతని వెనక బండ్లు బారుగా ఆగి ఉన్నాయి. ఆ బారులో, ముందు వైపు, తాళ్ళతో కట్టిన బీరువా తల పైకి కనిపించింది.

వడ్రంగికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే మళ్ళీ గుండె గుభేలుమంది. అక్కడి నుంచి కిందికే అసలు వాలు. మలుపు మీద మలుపు, పిట్టగోడ కూడా లేని దారి. ఇంతదాకా వచ్చిందే నిదానమైన భాగం. జెండా మనిషి ఎర్రజెండా చుట్టి, పచ్చజెండా కోసం చంక కింద వెతుక్కుంటున్నాడు.

మధ్యలో కంకర కుప్ప అడ్డంగా ఉంది. స్కూటరు పోయే దారి లేదు. వడ్రంగి దాన్ని అక్కడే వదిలేసి పరిగెత్తాడు. అది పడిపోయిందో, మామగారు పట్టుకున్నారో కూడా చూడలేదు. లారీ పక్కనుంచి దూరాడు, ఎవరి బండి అద్దానికో మోచెయ్యి తగిలింది, ఎవరో తిట్టారు. పచ్చజెండా లేచింది. ముందు బండి కదిలింది. వడ్రంగి ఆఖరి అంగలో మొండిఘటాన్ని అందుకున్నాడు. అరవబోతే గొంతులో తడి లేదు. ఆపాలి, ఎలాగైనా ఆపాలి. రెండు చేతులూ ఎత్తి వెనక తలుపు మీద బలమంతా పెట్టి కొట్టాడు.

ధన్. ధన్.

మొండిఘటం గేరు పడింది. ముందుకి కదిలింది.

ఒక్క క్షణం అతనికి ఏం జరిగిందో బోధపడలేదు. బోధపడగానే ఒళ్ళు చల్లబడిపోయింది. ఇన్నేళ్ళుగా ఆమెకి అతను ఆ తలుపు మీద చెప్పిన మాట ఒక్కటే: అంతా బాగుంది, పో. ఇప్పుడూ అదే చెప్పాడు. ఆ చప్పుడు విన్నాక ఆమె కాలు ఆలోచించదు. అద్దంలో చూద్దామన్నా అతను సరిగ్గా బీరువా వెనకాల ఉన్నాడు. చేతులు చాపి వెంట పరిగెత్తాడు. తలుపు అంచు వేళ్ళకి తగిలి జారిపోయింది. బండి వాలు అంచుకి చేరుతోంది.

"పిచ్చుకా!"

ఆ కేకకి కంకర ఎత్తుతున్న కూలీలు కూడా పారలు ఆపారు. వడ్రంగి వెనక్కి తిరిగాడు. కంకర కుప్ప మీద ఎక్కి, రెండు చేతులూ గాల్లోకి లేపి, మెడ నరాలు ఉబ్బేలా మామగారు అరుస్తున్నారు. జన్మలో గొంతు పెంచని మనిషి.

"పిచ్చుకా! ఆగవే! ఆగు!"

బ్రేకు కీచుమంది. బీరువా ముందుకి ఊగి తాళ్ళని లాగింది. మొండిఘటం ఆగింది.

డ్రైవరమ్మ తలుపు తోసుకుని దిగింది. ముఖం జేవురించి ఉంది. "ఏంటి నాన్నా నువ్వు, నడిరోడ్డు మీద అందరి ముందూ చిన్నప్పటి ఆ పేరు పెట్టి..." అంటూనే మొగుణ్ణి చూసింది. రొప్పుతూ, బండి వెనక మోకాళ్ళు పట్టుకుని వంగిపోయిన మొగుణ్ణి చూసింది. అతను కొండ దిగి వచ్చాడన్న సంగతి మెదడుకి ఎక్కగానే ఆమె కోపం ఎగిరిపోయింది. "ఏమైంది? ఎవరికేమైంది?"

"చక్రం విప్పాలి" అన్నాడు.

వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. జెండా మనిషి వచ్చి, ఇదేమన్నా మీ పెరడా అని చెడామడా తిట్టాడు. డ్రైవరమ్మ ఒక్క చూపు చూసేసరికి వెళ్ళి మిగతా బండ్లని పక్కనుంచి వదలడం మొదలెట్టాడు. బండిని తొయ్యనివ్వలేదు వడ్రంగి, ఒక్క అంగుళం కూడా కదపనివ్వలేదు. ఉన్నచోటే రాళ్ళు అడ్డుపెట్టి, జాకీ వేసి, చక్రం ఊడదీశాడు. వంగి చూశాడు.

నట్టు ఉంది. మర చుట్ల చివరిదాకా జారి, ఊడటానికి సిద్ధంగా ఉంది. అతను వేలితో తాకితే తిరిగింది. ఇంకొంచెం తిప్పితే చేతిలోకి వచ్చేసేది. స్పానరుతో ఒక్కసారి కూడా బిగించలేదు. కీచుమన్న చప్పుడు అతని భ్రమే.

అతను కంకరలోనే కూలబడ్డాడు.

"నేనే తీశానమ్మా" అన్నారు మామగారు. ఆయన గుప్పిట తెరిస్తే పిన్ను అచ్చు అరచేతిలో పడి ఉంది. "మేకు అనుకుని డబ్బాలో వేశాను. తప్పు నాది. అల్లుణ్ణి ఏమీ అనకు."

"కాదు. ఆయన తీసినా నేను చూసుకోవాలి" అన్నాడు వడ్రంగి. "నేను నట్టు చూడలేదు. పెట్టె చూశాను. పెట్టె ఖాళీగా ఉందని చక్రం ఎక్కించేశాను."

డ్రైవరమ్మ వంగి ఆ నట్టు చూసింది. తన వేలితోనూ తిప్పి చూసింది. మాట్లాడినప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, అందుకే అతనికి ఎక్కువ భయమేసింది.

"స్టీరింగు వదులుగానే ఉందండీ" అంది. "మన వీధి దాటినప్పటి నుంచీ. రెండు మలుపుల్లో తిప్పితే ఆలస్యంగా తిరిగింది. చేతికి తెలుస్తూనే ఉంది. ఆపి చూద్దామని కూడా అనుకున్నాను."

"మరి ఎందుకు ఆపలేదు?"

"మీరు పెట్టె కొట్టారు కదా."

ఆ మాట విని అతను ఇన్నాళ్ళూ మురిసిపోయాడు. ఇప్పుడు అదే మాట వింటుంటే, ఆమె చేతులు చెబుతున్నదాన్ని కూడా నమ్మకుండా అతను కొట్టిన చప్పుడునే నమ్మి, మలుపు తర్వాత మలుపు దిగి రావడం కళ్ళకి కట్టింది. కళ్ళనీళ్ళు ఆగలేదు. జిడ్డు చేతులతో తుడుచుకుంటే ముఖమంతా నల్లబడింది. రోడ్డు మీద జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా కలగలేదు.

"నువ్వు లేకపోతే నేనేమైపోతానే" అన్నాడు. జన్మానికల్లా మొదటిసారి.

ఆమె కళ్ళు తుడుచుకుని, "ముందు అది బిగించండి" అంది.

బిగించాడు. స్పానరు కీచుమంది. ఈసారి ముగ్గురూ విన్నారు. పిన్ను గాడిలో దూర్చాడు, కాళ్ళు చెరోవైపు వంచాడు. "వేలు పెట్టి చూడు" అన్నాడు భార్యతో. ఆమె చూసింది. "మీరూ చూడండి" అన్నాడు మామగారితో. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, మోకాళ్ళ మీద వంగి, పిన్ను కాళ్ళు రెండూ లాగి మరీ చూశారు. అప్పుడు చక్రం ఎక్కించాడు. దాని నట్లు కూడా ఒక్కొక్కటే బిగించి, ఒక్కొక్కదాన్నీ ఇద్దరికీ చూపించాడు.

మామగారు స్కూటరు తీసుకుని ఇంటికి బయల్దేరారు. "నిదానంగా వెళ్ళు నాన్నా" అని, కాస్త ఆగి, "వెళ్ళి ఏమీ సర్దకు" అంది కూతురు. ఆయన తల ఊపి, దారికి అడ్డంగా పడున్న ఒక రాయిని వంగి తీసి అంచున పెట్టబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

డ్రైవరమ్మ ఎక్కి కూర్చుంది. ఇంజను వేసింది. అలవాటుగా వెనక నుంచి రెండు దెబ్బల కోసం చెవి ఒగ్గి ఆగింది. దెబ్బలు పడలేదు. రెండో వైపు తలుపు తెరుచుకుంది. వడ్రంగి ఎక్కి, మోకాళ్ళు ముడుచుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. జిడ్డు మరకల కింద ముఖం పాలిపోయి ఉంది.

"కళ్ళు తిరుగుతాయేమో" అంది.

"తిరగనీ."

బండి వాలులోకి దిగింది. అతను రెండు చేతులతో సీటు అంచు పట్టుకున్నాడు, కళ్ళు మాత్రం మూసుకోలేదు. మొదటి మలుపు తిరుగుతుంటే వెనకాల ఏదో టకటకమంది. ఇన్నేళ్ళలో ఆ బండి ఎన్ని చప్పుళ్ళు చేసినా పట్టించుకోని మనిషి, స్టీరింగు మీద వేళ్ళు బిగించి అతని వైపు తిరిగింది.

"అదేం చప్పుడు?"

బీరువా తలుపు. దాన్ని చేసినవాడికీ తెలుసు, తోలుకుపోతున్నామెకీ తెలుసు.

"ఆపు" అన్నాడు. "దిగి చూద్దాం."

ఆమె బండి పక్కకి తీసి ఆపింది. ఇద్దరూ దిగి చూశారు.